పాస్నెట్ దొరగారును, వ్యర్థము లేని క్రిస్మసును



హైదరాబాదు పాతనగరమునకు ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున మెదకు దేవాలయమున్నది. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1870లో ఇంగ్లాండులో జన్మించిరి. 1895లో వెస్లియన్ మిషనరీగా సికింద్రాబాదు చేరి, తిరుమలగిరి దండులో సైనికుల మధ్య సేవచేసిరి. కొద్దికాలమునకే పల్లె ప్రజల కొరకు మెదకు వెళ్లిరి.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆ సీమలో కరవు వచ్చెను. జనులు తిండి లేక అలమటించిరి. దొరగారు దేవాలయపు పనిలో వారికి చోటిచ్చి, పనికి అన్నము పెట్టిరి. 1914లో ఆరంభమైన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న, క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడెను. అక్కడ వెచ్చించిన ధాన్యము ఆకలిని తీర్చెను, గోడలను నిలిపెను. పిమ్మట అమర్చిన రంగుగాజు కిటికీలో ప్రభువు జననమును చూచుటకు దీపము అక్కరలేదు, సూర్యకాంతియే చాలును. దొరగారు 1950లో ప్రభువునందు నిద్రించిరి. గుడి నేటికిని నిలిచియున్నది.

మనమో, ఒక్క రాత్రి కొరకు థర్మోకోలు నక్షత్రములు, ప్లాస్టిక్ తోరణములు కొని, మరునాడు చెరువుగట్టున పారవేయుచున్నాము. ప్రేమవిందులో మిగిలిన అన్నము పెంటకుప్ప పాలగుచున్నది. ఐదువేలమందిని పోషించిన ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించెను (యోహాను 6:12, 13). కోరినంత రొట్టె చేయగలవాడే ముక్కను విడువలేదు!

పశువులతొట్టిలో పరుండినవానికి మామిడాకులు, బంతిపూలు, మట్టిప్రమిదలు చాలవా? వెదురుబద్దల నక్షత్రమును దాచి మరుసటి ఏడు మరల కట్టుదము. విస్తరాకులలో తినగలిగినంతయే వడ్డింతము. మిగిలిన సొమ్ము పొయ్యి వెలగని ఇంటికి బియ్యమై చేరనిండు.