కోడిపిల్లలకు అమ్మను చేసిన రోమర్

బదిలీల మీద తిరిగే ఇళ్లలో అట్టపెట్టెలు పారెయ్యరు. మళ్లీ ఎప్పుడు సర్దుకోవాలో ఎవరికి తెలుసు! ఆల్థాన్ వచ్చాక అలా మిగిలిన ఒక థర్మోకోల్ పెట్టెలో మొన్న జనవరిలో మేము 12 నాటుకోడి గుడ్లు పెట్టాం. లోపల ఒక బల్బు, గిన్నెలో నీళ్లు, ఒక థర్మామీటరు. రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పాం. 21వ రోజుకు 5 పిల్లలయ్యాయి. మిగతావి ఎందుకు కాలేదని వెతుకుతుంటే రోమర్ కనిపించాడు.

రోమర్ అంటే పాత సైన్సు పుస్తకాల్లో సెంటీగ్రేడ్, ఫారన్‌హీట్‌ల పక్కన ఉండే పేరే. 1683లో ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. 20 ఏళ్ల వయసులో పారిస్ చేరి, 1708లో అక్కడి సైన్సు అకాడమీలో సభ్యుడయ్యాడు. ఆయన చెయ్యి పెట్టని పని లేదు. ఉక్కు తయారీ మీద రాశాడు. కందిరీగలు కట్టెను నమిలి గూడు కట్టడం చూసి, కాగితం కట్టెతోనూ చెయ్యవచ్చని చెప్పాడు. పురుగుల మీద ఆరు సంపుటాలు రాశాడు. మంచు కరిగేచోట 0, నీళ్లు మరిగేచోట 80 పెట్టి థర్మామీటరు కొలత తయారుచేశాడు. ఆ కొలతే ఆయన్ని గుడ్ల దగ్గరికి తెచ్చిందని మాకనిపిస్తుంది.

ఈజిప్టులో కోడి లేకుండా, పెద్ద పెద్ద పొయ్యి గదుల్లో వేల గుడ్లు పొదిగించేవారు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. థర్మామీటరు లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసేవారట. మరి చల్లటి ఫ్రాన్స్‌లో, ఒక మామూలు రైతు ఇంట్లో ఆ పని ఎలా? రోమర్ దృష్టి గుర్రపు పేడ మీద పడింది. కుళ్లే పేడ వేడెక్కుతుంది కదా. పేడకుప్పలో పీపా పూడ్చి, అందులో గుడ్లు పెట్టాడు. పిల్లలు గుడ్డులోనే చచ్చిపోయాయి. వేడి సరిపోయింది, చంపింది పేడ నుంచి వచ్చే ఆవిరి! పీపాకు లోపల గచ్చుపూత పూసి, మూతకు గాలి కన్నాలు పెట్టాక పిల్లలు బయటికి వచ్చాయి. మా పెట్టెకూ గాలి కన్నాలు తక్కువే. ఆ సంగతి చదివాక తల పట్టుకున్నాం.

ఆయన కొలతలో 32 డిగ్రీల వేడి ఉండాలన్నాడు. అయిదుతో హెచ్చించి నాలుగుతో భాగిస్తే మన 40. ఇప్పుడు ఫ్యాను ఉన్న యంత్రాల్లో 37.5 చాలు. థర్మామీటరు కొనలేని వాళ్ల కోసం ఇంకో ఉపాయం చెప్పాడు. చిన్న సీసాలో వెన్న, కొవ్వు కలిపి గుడ్ల మధ్య పెట్టాలి, అది కరిగే తీరును బట్టి వేడి తెలుసుకోవాలి. అంత పెద్ద శాస్త్రవేత్త పల్లెటూరి వంటింటిని మరిచిపోలేదు.

పుట్టిన పిల్లల్ని బతికించడం మరో ఎత్తు. పిల్ల పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది కాబట్టి రెండు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది, ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది. చలిని మాత్రం తట్టుకోలేదు. తల్లికోడి కింద పిల్లకు వేడి వీపు మీద తగులుతుందని రోమర్ గమనించాడు. అందుకే ముందు ఎత్తుగా, వెనక పల్లంగా ఉండే పెట్టె చేసి, పైకప్పుకు లోపలివైపు బొచ్చున్న గొర్రెతోలు కొట్టాడు. ఏ పిల్ల ఎత్తుకు తగ్గట్టు ఆ పిల్ల లోపలికి దూరి వీపు ఆనించుకుంటుంది. దానికి కృత్రిమ తల్లి అని పేరు పెట్టాడు. 1749లో ఇదంతా పుస్తకంగా వేశాడు.

పేడను రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండటం రైతుల వల్ల కాలేదు, పద్ధతి ఇంటింటికీ చేరలేదు. 1757లో గుర్రం మీద నుంచి పడి రోమర్ చనిపోయాడు. హేచరీలు చాలా తర్వాత వచ్చాయి. మన బి.వి.రావు గారు వెంకటేశ్వర హేచరీస్ పెట్టింది 1971లో.

మా 5 పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాం. గుంపుగా ఒకదాని మీదొకటి ఎక్కితే చలి, బల్బుకు దూరంగా పారిపోతే ఎక్కువ వేడి. నాలుగో రాత్రి కరెంటు పోయింది. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పెట్టేలోపు ఒకటి పోయింది. తెల్లారి ఇంట్లో ఉన్న పాత ఉన్ని స్వెటరు కత్తిరించి, పెట్టె పైకప్పుకు లోపల వేలాడేలా కుట్టాం. మిగిలిన నాలుగూ దాని కిందికి దూరి పడుకున్నాయి.