ఒక్క ఉత్తరంతో శిష్యుడి కలం ఆగిపోయింది.. ‘మాంగా దేవుడు’ తెజుకా ఇంటికెళ్లి సారీ చెప్పిన కథ!

కామిక్ బొమ్మలు గీసే ప్రతి పిల్లాడికీ ఒక రోజు వస్తుంది. తాను సొంతంగా పుట్టించిన హీరో బొమ్మను ఎవరో ఒకరి ముందు పెట్టి, ఎలా ఉందో చెప్పమని అడిగే రోజు. ఎదుటివాళ్లు ఏమంటారన్న దాన్ని బట్టే మర్నాడు ఆ పిల్లాడు మళ్లీ పెన్సిల్ పడతాడా లేదా అన్నది చాలాసార్లు తేలిపోతుంది.

ఈ విషయం జపాన్ కామిక్ ఆర్టిస్ట్ ఒసాము తెజుకాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. ‘ఆస్ట్రో బాయ్’ సృష్టికర్త ఆయనే. జపాన్ వాళ్లు కామిక్స్‌ను మాంగా అంటారు. తెజుకాను మాంగా దేవుడు అని పిలుచుకుంటారు. పిల్లల బొమ్మలు చూసి మెచ్చుకుని వాళ్లను ఆర్టిస్టులను చేసిన మనిషి ఆయన. అలాంటి మనిషే ఒకసారి రాయకూడని మాట రాసి, ఒక పెద్ద ఆర్టిస్ట్ చేత పెన్ను కింద పెట్టించినంత పని చేశారు. అసలేం జరిగిందంటే..

పురుగుల పిచ్చి.. బొమ్మల పిచ్చి

తెజుకా 1928 నవంబర్ 3న ఒసాకా దగ్గర టొయొనాకాలో పుట్టారు. పెరిగింది తకరజుకా ఊళ్లో. సన్నగా, పొట్టిగా, కళ్లద్దాలతో ఉండేవారు. స్కూల్లో తోటి పిల్లలు బాగా ఏడిపించేవాళ్లు. ఆయనకున్న పిచ్చి రెండే.. ఒకటి పురుగులు పట్టడం, రెండోది బొమ్మలు గీయడం. ఒసాముషి అనే పురుగు మీద ఇష్టంతో తన పేరు చివర పురుగు అనే అక్షరం కూడా తగిలించుకున్నారు. చివరిదాకా అదే ఆయన కలం పేరు.

ఏడిపించిన పిల్లలే ఆయన బొమ్మల కోసం చుట్టూ మూగడం మొదలెట్టారు. ఐదో తరగతిలో గీసిన ఒక పొడవాటి కామిక్ క్లాసులో చేతులు మారి మారి చివరికి టీచర్ల దాకా వెళ్లింది. చింపేస్తారనుకుంటాం కదా.. కానీ వాళ్లు కూడా చదివారు. ఆ తర్వాత స్కూల్లో ఆయన బొమ్మలు గీస్తున్నా చూసీచూడనట్టు వదిలేశారట. తెజుకాకు దొరికిన తొలి పెద్ద ఫీడ్‌బ్యాక్ అదే.

యుద్ధం రోజుల్లో విద్యార్థులను ఫ్యాక్టరీ పనులకు పంపేవారు. అక్కడ బొమ్మలు గీస్తే దెబ్బలే. అయినా ఆయన మానలేదు. దొంగచాటుగా గీసి, పనివాళ్లు చూసేలా మరుగుదొడ్డిలో అంటించేవారట. తన బొమ్మ ఎవరో ఒకరు చూడాలి.. అంతే!

తొలి హిట్.. తీరని అసంతృప్తి

1946లో 17 ఏళ్ల వయసులో పిల్లల పత్రికలో ఆయన తొలి కామిక్ స్ట్రిప్ వచ్చింది. అప్పటికే ఒసాకా యూనివర్సిటీలో మెడిసిన్ స్టూడెంట్. మర్నాడు పరీక్ష ఉన్నా రాత్రి బొమ్మలు గీసే రకం.

1947లో సీనియర్ ఆర్టిస్ట్ షిచిమా సకాయ్‌తో కలిసి ‘న్యూ ట్రెజర్ ఐలాండ్’ పుస్తకం తెచ్చారు. అది 4 లక్షల కాపీలు అమ్ముడైందని చెబుతారు. కుర్ర తెజుకా ఓవర్‌నైట్ స్టార్ అయిపోయారు. కానీ ఆయన మనసులో ముల్లు అలాగే ఉండిపోయింది. ఆయన గీసింది సుమారు 250 పేజీలు. సకాయ్ అందులో దాదాపు 60 పేజీలు తీసేశారు, డైలాగులు కూడా మార్చారు. పెద్దాయన చెబితే కుర్రాడు వినాల్సిందే. ఆ బాధ ఎంత కాలం ఉందంటే.. దాదాపు 40 ఏళ్ల తర్వాత తన రచనల సంపుటాలు వేస్తున్నప్పుడు పాత పుస్తకాన్ని అలాగే అచ్చేయకుండా మొదటి నుంచి మళ్లీ గీశారు.

అదే రోజుల్లో తన బొమ్మలు పట్టుకుని టోక్యో పబ్లిషర్ల చుట్టూ తిరిగితే, ఇది అసలు కామిక్కే కాదన్నట్టు మాట్లాడిన సీనియర్లూ ఉన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కథలో ముందుకెళ్లాక మళ్లీ వస్తుంది.

ఊరూరి నుంచి వచ్చిన బొమ్మలు

1950ల మొదట్లో ‘మాంగా షోనెన్’ అనే పిల్లల మాసపత్రికలో తెజుకా ‘జంగిల్ ఎంపరర్’ సీరియల్ గీసేవారు. దాంతో పాటు కామిక్స్ ఎలా గీయాలో నేర్పే ఒక శీర్షిక కూడా నడిపారు. పాఠంలా కాదు, అది కూడా కామిక్ రూపంలోనే!

ఈ పత్రికలో ఇంకో స్పెషల్ ఉంది. పాఠకులు పంపిన బొమ్మలను గ్రేడ్ల వారీగా ఎంపిక చేసేవారు. బాగున్నవి అచ్చయ్యేవి. కొద్దిలో మిస్ అయినవాళ్ల పేర్లు కూడా చిన్న అక్షరాలతో వేసేవారు. మారుమూల పల్లెలో ఉన్న పిల్లాడికి ఆ చిన్న అక్షరాల్లో తన పేరు కనిపిస్తే చాలు.. నెలంతా పండగే.

అలా పంపిన వాళ్లలో టొయామా ప్రాంతం నుంచి ఇద్దరు స్నేహితులు ఉన్నారు. హిరోషి ఫుజిమోటో, మోటూ అబికో. తెజుకాకు అభిమానంతో ఉత్తరం రాస్తే ఆయన జవాబు రాశారు. ఇంకేముంది, తాము గీసిన ‘బెన్‌హర్’ కామిక్ చంకన పెట్టుకుని రైలెక్కి తకరజుకాలో ఆయన ఇంటికే వెళ్లిపోయారు. తెజుకా దాన్ని చూసి మెచ్చుకున్నారు. అంతటితో ఆగలేదు. తన సొంత డ్రాఫ్టులు తీసి చూపించారు. అచ్చుకెక్కకుండా ఆయన పక్కన పడేసిన పేజీలే వందల్లో ఉన్నాయి. కుర్రాళ్లిద్దరికీ నోట మాట రాలేదు. మీ పని చాలదు అని ఆయన అనలేదు, అనాల్సిన అవసరం కూడా రాలేదు. ఎంత గీస్తే ఎంత మిగులుతుందో వాళ్లకు కళ్లెదుటే కనిపించింది.

ఈ ఇద్దరూ తర్వాత ఫుజికో ఫుజియో అనే పేరుతో ఫేమస్ అయ్యారు. వాళ్లలో ఫుజిమోటో గీసిన బొమ్మే మన పిల్లలు అన్నం తింటూ టీవీలో చూసే ‘డోరేమాన్’!

1954లో టోక్యోలోని టోకివా-సో అనే పాత చెక్క మేడలో తాను ఉన్న గదిని ఖాళీ చేస్తూ తెజుకా ఆ గదిని ఈ ఇద్దరికే అప్పగించారు. తన డెస్క్ అక్కడే వదిలేశారు. అడ్వాన్స్‌గా కట్టిన 30 వేల యెన్లు కూడా వెనక్కి తీసుకోలేదు. మెచ్చుకోవడం అంటే మాటలు చెప్పడమే కాదు కదా.

టెలిగ్రామ్ అందుకున్న స్కూల్ కుర్రాడు

మియాగి ప్రాంతంలో ఇంకో కుర్రాడు.. షోతారో ఇషినోమోరి. హైస్కూల్‌లో ఉండగానే స్నేహితులతో కలిసి చేత్తో గీసిన ఒక పత్రిక నడిపాడు. ఉండేది ఒకటే కాపీ. అది పోస్టులో ఒకరి నుంచి ఇంకొకరికి తిరిగేది. ఈ కుర్రాడి బొమ్మలు తెజుకా కంట పడ్డాయి. వెంటనే ‘ఆస్ట్రో బాయ్’ పనిలో సాయం చేయాలంటూ టెలిగ్రామ్ కొట్టారు. దేశమంతా ఆరాధించే ఆర్టిస్ట్ నుంచి స్కూల్ పిల్లాడికి టెలిగ్రామ్.. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

ఇషినోమోరి తర్వాత ‘సైబోర్గ్ 009’, ‘కామెన్ రైడర్’ లాంటి సూపర్ హిట్లు ఇచ్చారు.

దేవుడికీ అసూయ ఉంటుందా?

ఉంటుంది. తెజుకా విషయంలో చాలానే ఉండేది. 1950ల చివర్లో పెద్దవాళ్ల కోసం గెకిగా అనే సీరియస్ తరహా కామిక్స్ వచ్చాయి. ఆయన అసిస్టెంట్లే వాటిని ఎగబడి చదివేవాళ్లు. అది చూసి ఆయన తట్టుకోలేకపోయారు. కొత్తగా ఎవరు బాగా గీసినా ఆయనకు నిద్ర పట్టేది కాదంటారు.

1967లో ఆయన సంస్థ ‘కామ్’ అనే పత్రిక మొదలెట్టింది. కొత్తవాళ్లు పంపిన బొమ్మలపై విమర్శ రాయడానికి అందులో ప్రత్యేకంగా పేజీలు ఉండేవి. అదే పత్రికలో ఇషినోమోరి ‘జున్’ సీరియల్ గీసేవారు. దాదాపు మాటలే లేకుండా, కవిత్వంలా సాగే బొమ్మలు. కుర్రకారు ఫిదా అయిపోయారు.

ఆ టైమ్‌లోనే తెజుకా ఒక పాఠకుడికి రాసిన ఉత్తరంలో ‘జున్’ అసలు మాంగానే కాదన్నట్టు తీసిపారేశారు. ఒకప్పుడు టోక్యోలో సీనియర్లు తనను ఏమన్నారో సరిగ్గా అదే! ఆ ఉత్తరం తిరిగి తిరిగి ఇషినోమోరి దగ్గరికే చేరింది. ఆయన కుప్పకూలిపోయారు. బయటివాడు ఎవడో అంటే వేరు.. తనను టెలిగ్రామ్ కొట్టి పిలిచిన మనిషే అలా అన్నాడు. అది కూడా ఎదురుగా కాదు, వెనకాల. ఇక సీరియల్ ఆపేస్తానని పత్రిక వాళ్లకు చెప్పేశారు.

విషయం తెలిసిన తెజుకా నేరుగా ఇషినోమోరి ఇంటికి వెళ్లారు. క్షమాపణ అడిగారు. అలా ఎందుకు రాశానో తనకే అర్థం కావడం లేదని, తన మీద తనకే అసహ్యం వేస్తోందన్న అర్థంలో మాట్లాడారట. పేరున్న పెద్దాయన, తనకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడి గుమ్మంలో నిలబడి తలవంచారు. ఆ సాకు ఈ సాకు చెప్పలేదు. ‘జున్’ ఆగలేదు, కొనసాగింది.

మళ్లీ గీసిన పేజీలు

1973లో తెజుకా యానిమేషన్ కంపెనీ దివాలా తీసింది. పని అయిపోయిందని అంతా అనుకున్నారు. అదే ఏడాది మొదలైన డాక్టర్ కథ ‘బ్లాక్ జాక్’ ఆయన్ని మళ్లీ నిలబెట్టింది. చదివిన మెడిసిన్ అలా అక్కరకొచ్చింది. ఒకవైపు బుద్ధుడి జీవితాన్ని ‘బుద్ధ’గా ఏళ్ల తరబడి గీశారు.

స్టార్ అయ్యాక కూడా ఎలా ఉందో చెప్పమని అసిస్టెంట్లను అడిగేవారని, వాళ్లు తటపటాయిస్తే డెడ్‌లైన్ నెత్తి మీదున్నా పేజీలు పక్కనపడేసి మళ్లీ గీసేవారని దగ్గర పనిచేసినవాళ్లు చెబుతారు. 1971లో షుఎయిషా సంస్థ కొత్త ఆర్టిస్టుల కోసం ఆయన పేరిట అవార్డు కూడా పెట్టింది.

1989 ఫిబ్రవరి 9న కడుపు క్యాన్సర్‌తో టోక్యోలో తెజుకా కన్నుమూశారు. వయసు 60. ఆసుపత్రి మంచం మీద కూడా గీస్తూనే ఉన్నారు. మొత్తం గీసింది సుమారు లక్షా 50 వేల పేజీలు.

ఆయన పోయాక ఇషినోమోరి ఒక చిన్న మాంగా గీశారు. అందులో ఆ ఉత్తరం గురించీ ఉంది, ఆ క్షమాపణ గురించీ ఉంది. బాధ దాచలేదు, గురువు మీద ప్రేమా దాచలేదు.

మీ ఇంట్లో ఏ పిల్లాడైనా నోట్‌బుక్ చివరి పేజీలో గీసిన సూపర్ హీరోను తెచ్చి చూపిస్తే, చెయ్యి వంకరగా ఉందని చెప్పొచ్చు. తప్పేం లేదు. ఎలా సరిచేయాలో పక్కన కూర్చుని చూపిస్తే ఇంకా మంచిది. ఇది అసలు బొమ్మేనా అన్న ఒక్క మాట మాత్రం వద్దు. ఆ మాటకు మాంగా దేవుడే ఇంటికెళ్లి సారీ చెప్పాల్సి వచ్చింది.