ధాన్యకటకంలో శిష్యరికం చేసిన చీనా పండితుడు
బౌద్ధ గ్రంథాల కోసం ప్రాణాలొడ్డిన హుయాన్‌త్సాంగ్

నేటి పల్నాడు జిల్లాలోని అమరావతి, ధరణికోట పరిసరాలు ఒకప్పుడు ధాన్యకటకంగా వర్ధిల్లాయి. బౌద్ధ విద్యకు కృష్ణా తీరం పెట్టింది పేరు. క్రీ.శ. 639 ప్రాంతంలో ఒక చీనా భిక్షువు ఎడారులు, మంచు కొండలు దాటి ఇక్కడికి చేరుకుని, స్థానిక ఆచార్యుల వద్ద కొన్ని నెలలు శిష్యరికం చేశారు. ఆయనే హుయాన్‌త్సాంగ్. ఏడో శతాబ్దపు ఆంధ్రదేశంలో బౌద్ధం ఏ స్థితిలో ఉండేదో నేడు తెలుస్తున్నదంటే అందుకు ప్రధాన ఆధారం ఆయన రచనే.

సందేహమే ప్రయాణానికి మూలం

హుయాన్‌త్సాంగ్ 602 ప్రాంతంలో లోయాంగ్ నగర సమీపాన ఒక విద్వత్ కుటుంబంలో జన్మించారు. అన్నగారి అడుగుజాడల్లో బాల్యంలోనే విహారంలో చేరారు. 622లో ఉపసంపద స్వీకరించి పూర్తిస్థాయి భిక్షువయ్యారు. చీనా భాషలో అప్పటికే ఉన్న అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం, గురువులు తలో రకంగా వ్యాఖ్యానించడం ఆయనను కలవరపరిచాయి. యోగాచారభూమి శాస్త్రాన్ని మూలంలోనే చదవాలని, బుద్ధుడు నడయాడిన నేలను దర్శించాలని సంకల్పించారు.

ఆనాడు దేశ సరిహద్దు దాటడం నిషిద్ధం. అనుమతి లభించకపోయినా 629 ప్రాంతంలో ఆయన రహస్యంగా బయలుదేరారు. గోబీ ఎడారిలో నీటి తిత్తి చేజారి ఒలికిపోగా, నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేక మరణం అంచుల వరకు వెళ్లారు. తుర్ఫాన్ ప్రాంతపు రాజు ఆయనను తన వద్దే ఉంచుకోవాలని పట్టుబడితే, నిరాహార దీక్ష చేసి విడుదల పొందారు.

నలందా నుంచి వేంగి వరకు

మార్గమధ్యంలో బామియాన్ కొండను తొలిచి మలచిన మహా బుద్ధ విగ్రహాలను చూసి వర్ణించారు. 2001లో ఆ విగ్రహాలు ధ్వంసమైనా వాటి పూర్వ వైభవానికి ఆయన రాతలు సాక్ష్యంగా నిలిచాయి. కాశ్మీరంలో సుమారు రెండేళ్లు చదివారు. ఆపై నలందా విహారంలో వయోవృద్ధుడైన శీలభద్రుని పాదాల చెంత ఏళ్ల తరబడి యోగాచార శాస్త్రాన్ని అభ్యసించారు.

అనంతరం కళింగ, దక్షిణ కోసల మీదుగా ఆంధ్రదేశం ప్రవేశించారు. రాజధాని వేంగీపురం, అంటే నేటి ఏలూరు సమీపంలోని పెదవేగి. అక్కడ ఇరవైకి పైగా సంఘారామాలు, దాదాపు మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని నమోదు చేశారు. ఇక్కడి ప్రజల భాష మధ్యదేశపు భాషకు భిన్నమని, లిపి మాత్రం చాలావరకు పోలి ఉందని గుర్తించారు. ఆచార్య దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించిన కొండ నగరానికి నైరుతి దిశలో ఉందని రాశారు.

ధాన్యకటకంలో మాత్రం ఆయనకు క్షీణదశ కనిపించింది. విహారాలు అనేకం ఉన్నా అధికభాగం పాడుపడ్డాయి. ఇరవై వరకు మాత్రమే నివాసయోగ్యంగా మిగిలాయి. వాటిలో వెయ్యి మంది భిక్షువులు ఉండేవారు. వారిలో మహాసాంఘికులే ఎక్కువ. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద హుయాన్‌త్సాంగ్ మహాసాంఘికుల అభిధర్మాన్ని నేర్చుకున్నారు. ప్రతిగా వారికి మహాయాన శాస్త్రాలు బోధించారు. శాఖాభేదం ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి అడ్డురాలేదు.

పందొమ్మిదేళ్ల అనువాద యజ్ఞం

హర్షచక్రవర్తి ఆదరణ పొందిన తరువాత ఆయన స్వదేశానికి మరలారు. సింధునది దాటుతుండగా పడవ ఒరిగి సుమారు 50 ప్రతులు నీటిపాలయ్యాయి. ఆయన అధైర్యపడక వాటికి నకళ్లు రాయించి తెప్పించుకున్నారు. 645లో రాజధాని చాంగాన్ చేరేసరికి ఆయన వెంట 657 గ్రంథాలు, బంగారు, వెండి, చందన కాష్ఠ బుద్ధ ప్రతిమలు ఏడు ఉన్నాయి. చక్రవర్తి తైజుంగ్ రాజోద్యోగం ఇవ్వజూపగా వినయంగా తిరస్కరించారు. చక్రవర్తి కోరికపై 646లో యాత్రా వృత్తాంతాన్ని మాత్రం పూర్తిచేశారు.

మిగిలిన జీవితమంతా అనువాదానికే అంకితమైంది. సుమారు 19 ఏళ్లలో 75 గ్రంథాలను 1,335 భాగాలుగా చీనా భాషలోకి తెచ్చారు. ధారణీ మంత్రాలను, ప్రజ్ఞ వంటి గౌరవవాచకాలను అనువదించక, సంస్కృత ధ్వనినే నిలపాలని నియమం పెట్టుకున్నారు. మహాప్రజ్ఞాపారమితా సూత్రం 600 భాగాల ఉద్గ్రంథం. సంక్షిప్తం చేయవచ్చని శిష్యులు సూచించినా ఒక్క భాగమైనా విడువలేదు. 660లో ప్రారంభించి 663లో ముగించారు. మరుసటి ఏడాది, 664లో కన్నుమూశారు.

మూలం పోయినా మిగిలిన వెలుగు

దిఙ్నాగుని న్యాయముఖానికి సంస్కృత మూలం నేడు లభ్యం కాదు. 649లో హుయాన్‌త్సాంగ్ చేసిన చీనా అనువాదమే ఆ గ్రంథాన్ని కాపాడిన ఆధారాల్లో ముఖ్యమైనది. ఆయన పేరిట ప్రసిద్ధమైన ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రాన్ని చైనా, జపాన్, కొరియా, వియత్నాం విహారాల్లో నేటికీ పారాయణం చేస్తున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో అలెగ్జాండర్ కన్నింగ్‌హాం ఆయన వృత్తాంతాన్ని చేతబట్టుకునే ఉత్తర భారతంలోని బౌద్ధ క్షేత్రాలను గుర్తించారు.

ధాన్యకటకంలో ఆయన చూసిన విహారాలు కాలగర్భంలో కలిశాయి. అమరావతి స్తూప శిల్పాలు చెన్నై, లండన్ మ్యూజియాలకు తరలిపోయాయి. కృష్ణా తీరాన ఆ ఇద్దరు గురువులు పాఠం చెప్పారన్న సంగతి మాత్రం దూరదేశపు శిష్యుని చరిత్రలోనే భద్రంగా నిలిచింది.