పాటల పెన్నిధిని పంచిన సుబ్బరామ దీక్షితులు

మంచి పాట విన్న మనస్సు ఒంటరిగా ఉండలేదు. తాను పొందిన ఆనందాన్ని మరొక రసికునితో పంచుకున్నప్పుడే దానికి తృప్తి కలుగుతుంది. ధనం పంచితే తరుగుతుంది. పాట పంచితే పెరుగుతుంది. ఈ సత్యం వినడానికి సులభంగానే ఉన్నా, ఆచరణలో పెట్టడం అందరికీ సాధ్యం కాదు. పాటే వంశానికి ఆస్తిగా, కీర్తిగా, జీవనాధారంగా ఉన్న రోజులలో దానిని దోసిలి పట్టిన ప్రతివారికీ ధారపోయడానికి గొప్ప మనస్సు కావాలి. అటువంటి మనస్సు గల మహనీయుడు సుబ్బరామ దీక్షితులు. తమ ఇంట నాలుగు తరాలుగా కాపాడుకొంటూ వచ్చిన సంగీత సంపదను తెలుగులో అచ్చు వేయించి లోకానికి అర్పించిన త్యాగశీలి ఆయన.

కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల వంశం వారిది. ముత్తుస్వామి తండ్రి రామస్వామి దీక్షితులు గొప్ప వాగ్గేయకారుడు. 17వ శతాబ్దంలో చతుర్దండి ప్రకాశిక అనే శాస్త్రగ్రంథాన్ని రచించిన వేంకటమఖి సంప్రదాయంలో ఆయన సంగీతం అభ్యసించారు. ఆ విధంగా వేంకటమఖి రాగలక్షణాలు, గీతాలు ఈ ఇంటికి చేరాయి. ముత్తుస్వామి దీక్షితుల కడపటి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. పాశ్చాత్యుల వాద్యమైన వయొలిన్‌ను నేర్చి, దానిని మన సంగీతానికి అనువుగా మలచిన ప్రథముడిగా ఆయన ప్రసిద్ధి పొందారు. ఈనాడు వయొలిన్ లేని కచేరీని మనం ఊహించలేము. పరాయి వాద్యాన్ని ఆదరించి మనదిగా చేసుకున్న ఆ బాలుస్వామి కుమార్తెకు జన్మించినవారే సుబ్బరామ దీక్షితులు.

ఆయన 1839లో తిరువారూరులో జన్మించారు. తల్లి అన్నపూర్ణి, తండ్రి శివరామయ్య. మాతామహులైన బాలుస్వామి దీక్షితులు ఆయనను బాల్యంలోనే దత్తత చేసుకొని ఎట్టయపురం తీసుకొని వచ్చారు. నేటి తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో ఉన్న ఎట్టయపురం ఆనాడు ఒక సంస్థానం. అక్కడి ప్రభువుల పూర్వికులు చంద్రగిరి ప్రాంతం నుండి తరలివచ్చినవారని వారి వంశచరిత్ర చెబుతుంది. ఆ ప్రభువులు సంగీత సాహిత్యాలను ఎంతో ఆదరించారు. బాలుస్వామి అక్కడ ఆస్థాన విద్వాంసులుగా ఉండేవారు. ముత్తుస్వామి దీక్షితులు తమ జీవితపు చివరి రోజులు అక్కడే గడిపి, 1835లో అక్కడే పరమపదించారు.

సుబ్బరాముడు పుట్టేనాటికి ముత్తుస్వామి దీక్షితులు కీర్తిశేషులై నాలుగేండ్లు గడిచాయి. ఆ మహావాగ్గేయకారుని కంఠాన్ని ఆ బాలుడు ఏనాడూ వినలేదు. అయినా ఆయన కృతులన్నీ బాలుస్వామి నోట విని, అదే బాణీలో నేర్చుకున్నాడు. ఒక్కొక్క కృతిని గురువు పాడగా విని, తిరిగి పాడి, తప్పు దిద్దుకొని, మళ్లీ పాడి హృదయస్థం చేసుకోవడమే ఆనాటి విద్యాభ్యాస పద్ధతి. సంగీతంతో పాటు వీణావాదనాన్ని, తెలుగు, సంస్కృత భాషలను కూడా ఆయన శ్రద్ధతో అభ్యసించారు. తెలుగు ఆనాడు దక్షిణదేశంలో సంగీతభాష. తంజావూరును ఏలిన నాయక, మరాఠా రాజుల కొలువులలో పదాలు, వర్ణాలు, యక్షగానాలు తెలుగులోనే వెలిశాయి. కావున ఇంటి భాష ఏదైనా, సంగీత విద్వాంసునికి తెలుగు రాకపోతే విద్య పూర్తి అయినట్లు కాదు.

పదిహేడేండ్ల ప్రాయంలో సుబ్బరాముడు దర్బారు రాగంలో ఒక తానవర్ణం రచించి కొలువులో పాడారు. అంత ప్రౌఢమైన రచనను ఈ పిల్లవాడు చేయగలడా, తాతగారే రచించి ఇచ్చారేమో అని ప్రభువుకు సందేహం కలిగిందట. వెంటనే వేరొక రాగాన్ని నిర్ణయించి, తన ఎదుటనే మరొక వర్ణం కూర్చమని ఆజ్ఞాపించగా, యువకుడు జంకక ఆ పరీక్షలో నెగ్గి సత్కారం పొందాడని చెబుతారు. ఆ పిదప కొద్ది కాలానికే ఆయనకు ఆస్థాన విద్వాంసుని పదవి లభించింది. 1859లో బాలుస్వామి దీక్షితులు మరణించారు. అప్పటికి సుబ్బరాముని వయస్సు ఇరవై. అంత చిన్న వయస్సులో ఒక మహావంశపు పాటలన్నిటికీ సంరక్షకుడు కావలసిన బాధ్యత ఆయన భుజాల మీద పడింది.

ఆ బాధ్యత సామాన్యమైనది కాదు. పాట గాలిలో పుట్టి గాలిలో కలిసిపోతుంది. తాళపత్రం మీద సాహిత్యం నిలుస్తుంది కాని, దానిని పాడే తీరు నిలవదు. నేర్చినవాడు శిష్యునికి నేర్పకుండా కన్నుమూస్తే ఆ పాట అంతటితో అంతరించినట్లే. అలాగని అడిగిన వారందరికీ నేర్పే ఆచారం ఆనాడు లేదు. అరుదైన కృతులను విద్వత్కుటుంబాలు తమ సొత్తుగా దాచుకొనేవి. అపాత్రుని నోటబడి పాట చెడుతుందనే భయం కొంత, ఇతరులు నేర్చుకొంటే తమ ప్రత్యేకత పోతుందనే శంక కొంత వారిని వెనుకకు లాగేవి. ఈ దాపరికం పాటకు రక్షణగా కనిపించినా, నిజానికి అదే దానికి మృత్యువుగా పరిణమించేది.

సరిగ్గా ఇటువంటి సమయంలో చిన్నస్వామి మొదలియారు దీక్షితుల జీవితంలో ప్రవేశించారు. ఆయన మదరాసు సచివాలయంలో ఉద్యోగి. మతం చేత క్రైస్తవుడు. ఆంగ్ల, లాటిన్ భాషలలో పండితుడు. పాశ్చాత్య సంగీతం ఎరిగిన ఆయనకు కర్ణాటక సంగీతం మీద ప్రాణం. మన కృతులు కాలగర్భంలో కలిసిపోకుండా, ప్రపంచమంతా చదివి పాడుకొనేలా వాటిని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేయాలని ఆయన సంకల్పించారు. త్యాగరాజు శిష్యపరంపరలోని వారి వద్ద కృతులు విని, వ్రాసుకొని, 1893 ప్రాంతంలో ప్రకటించసాగారు. ఈ పని కోసం తన ఆర్జనను, ఆరోగ్యాన్ని లెక్కచేయలేదు. ముత్తుస్వామి దీక్షితుల కృతుల శుద్ధ పాఠాలు సుబ్బరామ దీక్షితుల వద్ద ఉన్నాయని తెలిసి ఆయనను ఆశ్రయించారు. దీక్షితులు పాడి వినిపించగా మొదలియారు వాటిని స్వరలిపిలోకి ఎక్కించుకున్నారు. కులమతాలు, చదువులు, జీవనవిధానాలు వేరైన ఆ ఇద్దరినీ పాట ఒక్కటి చేసింది.

కాని విధి అనుకూలించలేదు. రేయింబవళ్లు శ్రమించిన మొదలియారు చూపు మందగించింది, ఆరోగ్యం క్షీణించింది. తాను తలపెట్టిన మహాకార్యం తన చేతుల మీదుగా పూర్తి కాదని ఆయన గ్రహించారు. 1899లో ఎట్టయపురం వెళ్లి ప్రభువును దర్శించి, సుబ్బరామ దీక్షితుల చేత ఆ సంగీత సర్వస్వాన్ని గ్రంథరూపంలో వెలువరింపజేయమని ప్రార్థించారు. తన కోసం ఆయన ఏమీ కోరలేదు. ప్రభువు ఆ ప్రార్థనను మన్నించి, సంప్రదాయ రహస్యాలను దాచకుండా లోకానికి అందించమని దీక్షితులను కోరి, ముద్రణ భారాన్ని సంస్థానం వహించేలా ఏర్పాటు చేశారు. వంశధనాన్ని బయట పెట్టడానికి దీక్షితులు మొదట సంకోచించారని ప్రతీతి. తరతరాల కట్టుబాటును దాటడం ఏ విద్వాంసునికైనా కఠిన పరీక్షే. ఆ సంకోచాన్ని జయించి ఆయన కలం చేతబట్టారు. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటింది.

1901లో ఆరంభమైన ఆ మహాయజ్ఞం 1904లో పరిసమాప్తి చెందింది. సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పేరుతో ఎట్టయపురంలోని విద్యావిలాసిని ముద్రణాలయంలో, తెలుగు లిపిలో, సుమారు 1700 పుటలతో ఆ గ్రంథం వెలువడింది. పాత పాటలను, కొత్త పాటలను ఒకే వేదిక మీద కూర్చుండబెట్టిన తీరే ఇందులోని విశేషం. 72 రాగాంగ రాగాలను వరుసగా తీసుకొని, ఒక్కొక్క రాగానికి ముందుగా లక్షణశ్లోకం, దానికి తెలుగులో వివరణ ఇచ్చారు. పిమ్మట వేంకటమఖి సంప్రదాయంలోని ప్రాచీన గీతం, తరువాత ముత్తుస్వామి దీక్షితుల కృతి, చివర తాము స్వయంగా రచించిన సంచారి చేర్చారు. ఆ రాగాంగాల నుండి పుట్టిన రాగాలను కూడా ఇదే పద్ధతిలో వివరించారు. ఒక్క రాగం చదివితే చాలు, రెండు శతాబ్దాలకు పైబడిన ప్రయాణం పాఠకుని ముందు సాగిపోతుంది.

ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 ఈ గ్రంథంలో ఉన్నాయి. అయినా ఇది కేవలం తమ వంశకీర్తిని చాటే పుస్తకం కాదు. క్షేత్రయ్య పదాలకు, శ్యామశాస్త్రి కృతులకు, పచ్చిమిరియం ఆదిప్పయ్య భైరవి రాగ వర్ణానికి కూడా ఇందులో స్థానం లభించింది. డెబ్బైమందికి పైగా శాస్త్రకర్తల, వాగ్గేయకారుల జీవితాలను కూడా దీక్షితులు ఇందులో వ్రాశారు. తాము విన్నది విన్నట్లు పదిలపరచిన ఆ వృత్తాంతాలలోని కొన్ని విషయాలను తరువాతి పరిశోధకులు సవరించి ఉండవచ్చు. కాని, ఆనాడు ఆయన వ్రాయకపోతే పరిశోధించడానికి ఆధారమే మిగిలేది కాదు.

పాటను కాగితం మీదికి ఎక్కించడంలో గొప్ప చిక్కు ఒకటి ఉంది. సరిగమలు వ్రాసినంత మాత్రాన కర్ణాటక సంగీతం పలకదు. స్వరం కదలాలి, ఊగాలి, ఒక దానిలో నుండి మరొక దానిలోకి జారాలి. ఆ కదలికలనే గమకాలు అంటారు. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు మొదలైన గమకాలలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క గుర్తును నిర్ణయించి, దీక్షితులు దానిని స్వరాక్షరం పైన ఉంచారు. గుర్తుల అర్థాన్ని, వాటిని పలికించే విధానాన్ని గ్రంథంలోనే వివరించారు. ఎన్నో పుటలలో అక్షరాల కన్నా గుర్తులే ఎక్కువగా కనిపిస్తాయి. చేతితో అచ్చుదిమ్మలు కూర్చే ఆ రోజులలో ఒక్కొక్క పుట సిద్ధం కావడానికి ఎంత ఓర్పు కావలసి వచ్చిందో ఊహించవచ్చు. గురువు ఎదుట లేని విద్యార్థి కూడా పాట నడకను గుర్తించాలన్నదే ఇంత శ్రమకు లక్ష్యం.

ఈ గ్రంథం అచ్చులో వెలువడే నాటికి చిన్నస్వామి మొదలియారు జీవించి లేరు. తాను నాటిన మొక్క ఫలించడం ఆయన కన్నులారా చూడలేకపోయారు. అయినా సంగీత సంప్రదాయ ప్రదర్శిని కథలో ఆయన పేరు చెరగని అక్షరాలతో నిలిచి ఉంది.

1904లోనే మరొక సంగీత ప్రియుడు ఎట్టయపురం వచ్చారు. ఆయన హిందుస్తానీ సంగీతానికి శాస్త్రవ్యవస్థను ఏర్పరచిన విష్ణు నారాయణ భాత్‌ఖండే. బొంబాయి నుండి బయలుదేరి దక్షిణదేశంలోని విద్వాంసులను దర్శిస్తూ ఆయన దీక్షితులను కలుసుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా సంగీతమే వారి మధ్య వారధి అయింది. దీక్షితులు తమ వద్దనున్న చతుర్దండి ప్రకాశిక ప్రతిని సైతం ఆయనకు అందుబాటులో ఉంచారు. ఉత్తరదేశపు రాగాలను మేళాలుగా వర్గీకరించడంలో భాత్‌ఖండేకు ఈ దక్షిణ పర్యటన ఎంతగానో తోడ్పడింది. ఒక ఇంట దాగి ఉన్న విద్య దేశానికంతటికీ ఉపకరించిన వైనం ఇది.

పండితులకు ఉద్గ్రంథం ఇచ్చినంత మాత్రాన దీక్షితులు తృప్తి చెందలేదు. సంగీతం నేర్చుకోవడం ఆరంభించే పిల్లల కోసం ప్రథమాభ్యాస పుస్తకం అనే గ్రంథాన్ని కూడా 1905లో ప్రకటించారు. ఆ మరుసటి సంవత్సరం, 1906లో, ఆయన స్వర్గస్థులయ్యారు. ఎట్టయపురంలోనే జన్మించిన తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఆయన మృతికి విలపిస్తూ పద్యాలు రచించారు. దీక్షితుల కుమారుడు అంబి దీక్షితులు తరువాతి కాలంలో మదరాసులో టి.ఎల్. వెంకట్రామయ్యర్, డి.కె. పట్టమ్మాళ్ మొదలైన వారికి ఆ కృతులను బోధించారు. ఆ విధంగా గ్రంథం ఒక దారిలో, కంఠం ఒక దారిలో ఆ పాటలను ముందుకు నడిపాయి.

ఈనాడు కొన్ని కృతులను గాయకులు పాడే తీరుకు, గ్రంథంలోని స్వరాలకు భేదం కనిపిస్తుంది. ఏది సరియైనది అనే చర్చ పండితుల మధ్య సాగుతూనే ఉంది. ఆ చర్చకు ఆధారంగా నిలిచింది దీక్షితుల గ్రంథమే. 1961 నుండి మదరాసు సంగీత అకాడమీ దీనిని సంపుటాలుగా తమిళ లిపిలో ప్రచురించింది. 1973లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తెలుగులో పునర్ముద్రించింది.

నేడు మనకు నచ్చిన పాటను క్షణంలో మిత్రులకు పంపగలుగుతున్నాము. ఆ పని మనకు ఏ కష్టమూ కలిగించదు. మన నుండి ఏ త్యాగమూ కోరదు. ఒకనాడు అదే పని కోసం ఒకరు తమ కంటిచూపును పోగొట్టుకున్నారు; మరొకరు తమ వంశధనాన్ని లోకం దోసిట్లో పోశారు. దాచుకున్నవారి పాటలు వారితోనే పోయాయి. పంచి ఇచ్చిన సుబ్బరామ దీక్షితుల పాటలు మాత్రం శతాబ్దం గడిచినా పాడేవారి కంఠాలలో, వినేవారి హృదయాలలో జీవిస్తున్నాయి.