బూటులో దొరికిన 185 క్యారెట్ల వజ్రం.. ఆరో నిజాంను కోర్టు కేసుదాకా లాగిన రాయి కథ ఇదీ!

హైదరాబాద్ పాతబస్తీకి వెళ్తే ఏం చూస్తాం? చార్మినార్ దగ్గర సెల్ఫీ, లాడ్ బజార్‌లో గాజులు, తర్వాత ఒక ఇరానీ చాయ్. చాలామందికి టూర్ అక్కడితో అయిపోతుంది. కానీ ఆ చుట్టుపక్కల గల్లీల్లోనే కోహినూర్ కంటే పెద్ద వజ్రం కథ ఒకటి ఉంది. ఆ వజ్రాన్ని కొన్న రాజు సంతోషంగా పెట్టుకున్నది లేదు. కోర్టు కేసైంది, పరువు పోయింది. చివరికి ఆ రాయి ఒక పాత బూటులో దొరికింది.

ఆ రాజు పేరు మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆరో నిజాం. జనం మాత్రం మహబూబ్ అలీ పాషా అనేవాళ్లు. ఆయన జీవితంలో ముఖ్యమైన చోట్లు చాలావరకు ఇప్పటికీ పాతబస్తీలో, ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఒక్క రోజు టైమ్ ఉంటే నడుచుకుంటూ చూసేయొచ్చు.

రెండున్నరేళ్లకే నిజాం

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి అఫ్జల్ ఉద్ దౌలా ఐదో నిజాం. 1869 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయేసరికి ఈయనకు రెండున్నరేళ్లు. ఆ వయసులోనే గద్దె మీద కూర్చోబెట్టారు. పాలన మాత్రం పెద్దలు చూసుకున్నారు. అందులో ముఖ్యమైన వ్యక్తి దివాన్ మొదటి సాలార్ జంగ్. 1883లో ఆయన కలరాతో హఠాత్తుగా చనిపోయారు. మరుసటి ఏడాది, అంటే 1884 ఫిబ్రవరిలో వైస్రాయ్ లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి యువ నిజాంకు పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి మహబూబ్ అలీ వయసు 17.

ఆయనకు బట్టలంటే పిచ్చి, వేటంటే ప్రాణం. మనం గొప్పలు పోయేవాళ్లను వెటకారంగా తీస్‌మార్ ఖాన్ అంటాం కదా.. ముప్ఫై పులులను కొట్టాడని ఆ పేరు ఈయనకూ ఉండేదని చెబుతారు. ఇక బట్టల సంగతి చూడాలంటే పురానీ హవేలీకి వెళ్లాలి. అక్కడ రెండంతస్తుల్లో ఒక పొడవాటి హాల్ నిండా చెక్క అల్మారాలే. ప్రపంచంలోనే అతి పెద్ద వార్డ్‌రోబ్‌లలో ఇదొకటని చెబుతారు. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్ట్ కూడా ఉంది. ఒకసారి వేసుకున్న డ్రెస్ మళ్లీ వేసుకునేవారు కాదని ప్రచారం. ఆ అల్మారాల ముందు నిలబడి ఒక చివర నుంచి ఇంకో చివరకు చూస్తే, అది వట్టి పుకారు కాదేమో అనిపిస్తుంది.

వజ్రాల ఊరే.. కానీ వజ్రం మాత్రం బయటిది

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. గోల్కొండ వజ్రాలు అంటాం కానీ గోల్కొండ కోటలో గనులేం లేవు. వజ్రాలు దొరికింది ఎక్కువగా కృష్ణా నది పరిసరాల్లో. కొల్లూరు, పరిటాల లాంటి ఊళ్లలో. అవన్నీ కుతుబ్ షాహీల గోల్కొండ రాజ్యం కింద ఉండేవి. రాళ్లు ఇక్కడికి అమ్మకానికి వచ్చేవి. అందుకే ఆ పేరు. ఇప్పటి కార్వాన్ ప్రాంతం ఒకప్పుడు వ్యాపారులు దిగే చోటు, వజ్రాల బేరాలు జరిగే చోటు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో కొల్లూరు వెళ్లి చూసి, అక్కడ ఆడా మగా పిల్లా కలిపి 60 వేల మంది పని చేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ప్రాంతంలో ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్లు నిలిచి ఉన్నాయి.

18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపు మన దేశమే. ఆ తర్వాత 1860ల చివర్లో దక్షిణాఫ్రికా వంతు వచ్చింది. మహబూబ్ అలీ పెరిగి పెద్దయ్యే నాటికి కృష్ణా గనుల వైభవం ముగిసిపోయింది. అంటే ఒకప్పుడు లోకానికి వజ్రాలు అమ్మిన ఊరు, ఇప్పుడు బయటి నుంచి వజ్రం కొనుక్కోవాల్సిన పరిస్థితికి వచ్చింది. ఆయన కొన్న రాయి కూడా దక్షిణాఫ్రికాదే అంటారు.

1891.. సిమ్లా నుంచి వచ్చిన బేరగాడు

అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్. సిమ్లాలో నగలు, పురాతన వస్తువుల షాపు. రాజులు, బ్రిటిష్ పెద్దలు ఇతని కస్టమర్లు. మంత్రతంత్రాలు తెలుసని, గూఢచారి అని రకరకాల ప్రచారాలు. రడ్‌యార్డ్ కిప్లింగ్ రాసిన కిమ్ నవలలో లుర్గాన్ సాహెబ్ పాత్రకు ఇతనే మూలం అంటారు.

లండన్‌లో అమ్మకానికి ఉన్న ఒక పెద్ద వజ్రం గురించి జాకబ్‌కు తెలిసింది. దాదాపు 185 క్యారెట్లు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. ఆ లెక్కన సుమారు 37 గ్రాముల రాయి. ఇప్పుడున్న కోహినూర్ బరువు 105.6 క్యారెట్లే. ఇంత రాయి కొనే స్తోమత ఎవరికి ఉంది? జాకబ్ చూపు హైదరాబాద్ మీద పడింది.

నిజాం దగ్గరికి వెళ్లాలంటే ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఆల్బర్ట్ ఆబిద్. ఆర్మేనియన్. నిజాం బట్టలు, నగలు, వాచీలు చూసుకునే నమ్మకస్తుడు. ఈయన తెరిచిన షాపు పేరు మీదే ఆ ఏరియాకు ఆబిడ్స్ అని పేరొచ్చింది. రోజూ బస్సులో ఆబిడ్స్ దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి!

మొదట నకలు రాయి చూపించారు. జాకబ్ ధర కోటీ 20 లక్షల రూపాయలని మొదలుపెడితే, బేరం 46 లక్షల దగ్గర ఆగింది. అందులో సగం, 23 లక్షలు ముందే డిపాజిట్ చేశారు. ఆ డబ్బుతోనే జాకబ్ లండన్ నుంచి అసలు వజ్రం తెప్పించాడు.

కోర్టుకెక్కిన వజ్రం

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. విషయం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీకి తెలిసింది. ఖజానా పరిస్థితి బాగోలేనప్పుడు ఒక రాయికి ఇంత డబ్బేంటని రెసిడెంట్ అడ్డుపడ్డాడు. హైదరాబాద్‌కు సొంత సైన్యం, సొంత నాణెం, సొంత రైలు ఉన్నా పైన బ్రిటిష్ వాళ్ల కన్ను ఎప్పుడూ ఉండేది. నిజాం వెనక్కి తగ్గారు. వజ్రం వద్దు, డిపాజిట్ తిరిగి ఇవ్వమన్నారు. జాకబ్ దగ్గర డబ్బెక్కడిది? అప్పటికే లండన్‌కు కట్టేశాడు. బేరం అయిపోయింది కాబట్టి ఇచ్చేది లేదన్నాడు.

కేసు కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. జాకబ్ మీద మోసం అభియోగం. అప్పట్లో దేశం మొత్తం పేపర్లలో ఇదే వార్త. దేశంలోనే పెద్ద సంస్థానానికి రాజు, ఒక వ్యాపారితో చేసిన బేరం గురించి లాయర్ల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆయన వాంగ్మూలం తీసుకోవడానికి హైదరాబాద్‌కే ఒక కమిషన్ వచ్చింది. రాజు మాటే చట్టంగా నడిచే ఊళ్లో రాజునే క్రాస్ ఎగ్జామ్ చేయడం మామూలు విషయం కాదు. దర్బారులో ఎంత మంది సలాములు కొట్టినా ఆ మచ్చ పోలేదు.

1891 డిసెంబర్‌లో జ్యూరీ జాకబ్‌ను నిర్దోషి అని తేల్చింది. అయినా అతనూ గెలవలేదు. కేసు ఖర్చులు, పోయిన పేరు కలిసి వ్యాపారాన్ని ముంచేశాయి. 1921లో బొంబాయిలో పేదరికంలో చనిపోయాడు. వజ్రం మాత్రం తర్వాత జరిగిన రాజీతో నిజాం దగ్గరే ఉండిపోయింది. దానికి అమ్మినవాడి పేరే మిగిలింది, జాకబ్ డైమండ్ అని. కొన్నవాడు దాన్ని ఆభరణంగా చేయించుకున్నదీ లేదు, ధరించిందీ లేదు.

జనం గుర్తుపెట్టుకున్నది వేరే

1908 సెప్టెంబర్ 28. కుండపోత వానకు మూసీ ఉప్పొంగి పాతబస్తీని ముంచేసింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. వేల ఇళ్లు కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ రోజుల్లో మహబూబ్ అలీ తన ప్యాలెస్‌లను బాధితుల కోసం తెరిపించారు. తిండి పెట్టించారు. మూసీ శాంతించడానికి హిందూ పద్ధతిలో పూజ కూడా చేశారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మళ్లీ ఇలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఇచ్చిన ప్లాన్ ప్రకారమే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం దశాబ్దాల పాటు తాగిన నీళ్లు అవే.

పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు చెప్పుకుంటే విషం దిగుతుందని అప్పటి జనం నమ్మేవాళ్లు. నిజమా అబద్ధమా అన్నది కాదు పాయింట్. ఒక రాజు మీద జనానికి ఆ స్థాయి నమ్మకం ఎలా వచ్చిందన్నదే ముఖ్యం. అది వజ్రంతో వచ్చింది మాత్రం కాదు. 1890లో పేరు మారిన మహబూబ్‌నగర్ కూడా ఈయన గుర్తే.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయారు. వయసు 45. సమాధి మక్కా మసీదులో ఉంది.

బూటులోంచి పేపర్ వెయిట్‌గా..

తర్వాత గద్దెనెక్కిన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అన్నింటిలోనూ తండ్రికి రివర్స్. ఖర్చంటే గిట్టదు. తండ్రి చనిపోయిన కొన్నేళ్లకు చౌమహల్లా ప్యాలెస్‌లో పాత సామాన్లు చూస్తుంటే ఒక బూటు ముందు భాగంలో ఈ రాయి దొరికిందట. ఏదో గాజు ముక్క అనుకుని పేపర్ వెయిట్‌గా వాడుకున్నారని చెబుతారు. అంత గొడవ చేసిన వజ్రాన్ని తండ్రి కావాలనే కంటికి కనబడకుండా పడేశారేమో. అవమానాన్ని ఎవరైనా అద్దాల బీరువాలో పెట్టుకుంటారా?

ఉస్మాన్ అలీ ఖాన్ 1950ల మొదట్లో నగలన్నీ ట్రస్టుల కింద పెట్టారు. సుదీర్ఘ కోర్టు పోరాటం తర్వాత 1995లో కేంద్ర ప్రభుత్వం 173 ఆభరణాలను 218 కోట్ల రూపాయలకు కొనేసింది. జాకబ్ డైమండ్ అందులోనే ఉంది. ఇప్పుడవన్నీ రిజర్వ్ బ్యాంక్ లాకర్లలో ఉన్నాయి. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెడితే జనం క్యూ కట్టారు. వాటిని శాశ్వతంగా హైదరాబాద్‌లోనే ఉంచాలన్న డిమాండ్ ఏళ్లుగా ఉంది. అంటే ఇప్పుడు మీరు వెళ్తే వజ్రం కనిపించదు. దాని కథ జరిగిన ఊరు కనిపిస్తుంది.

నడిచి చూడాలంటే ఇలా వెళ్లండి

- పురానీ హవేలీ: మహబూబ్ అలీ పుట్టిన చోటు, వార్డ్‌రోబ్ ఇక్కడే. లోపల నిజాం మ్యూజియం ఉంది. 2018లో ఇక్కడి నుంచి బంగారు టిఫిన్ బాక్స్ చోరీ అయితే పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు.
- చార్మినార్, లాడ్ బజార్: లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, గుండ్రంగా మలిచి, వేడి తగ్గకముందే చేత్తో ఒక్కో రాయి పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. బజారుకు ఆ చివర మహబూబ్ చౌక్. అదీ ఈ నిజాం పేరే.
- చౌమహల్లా ప్యాలెస్: బూటు కథ జరిగిన చోటు. ఖిల్వత్‌లోని షాండ్లియర్లు చూసి తీరాల్సిందే.
- మక్కా మసీదు: నిజాంల సమాధులు వరుసగా కనిపిస్తాయి.
- పత్తర్‌గట్టి: ముత్యాల షాపుల వరుస. ఒకప్పుడు ఇక్కడికి పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి.
- నయాపూల్ దాటి ఉస్మానియా హాస్పిటల్ చింతచెట్టు, అక్కడి నుంచి కోఠీ రెసిడెన్సీ. ఇప్పుడది మహిళా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది. ఓపిక ఉంటే ఆబిడ్స్ దాకా నడవండి.

శుక్రవారం వద్దు. చౌమహల్లా, పురానీ హవేలీ మ్యూజియం రెండూ ఆ రోజు మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో ఉదయం పదింటికల్లా మొదలుపెడితే రద్దీ తక్కువ.

చింతచెట్టు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. 46 లక్షలు పలికిన రాయి ఎక్కడో లాకర్‌లో ఉంది. రూపాయి ఖర్చు లేకుండా 150 మందిని కాపాడిన చెట్టు మాత్రం ఇంకా ఇక్కడే నీడ ఇస్తోంది.