కనకయ్య నాయుడు గారు

ఉప్పల్ స్టేడియములో ఆట జరిగిన మరునాడు మా నాగారము పిల్లల నోట లెక్కలు తప్ప మరేమియు వినబడదు. ఎవరెంత పొడుగు, ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు, సగటెంత. మన దేశపు మొదటి టెస్టు జట్టును నడిపినవాడు తెలుగువాడని వారిలో ఒక్కడును ఎరుగడు. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొఠారి కనకయ్య నాయుడు గారు 1895 అక్టోబరు 31న నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమందు జన్మించిరి. సి. కె. నాయుడు అనిన లోకమెరుగును. ఆరడుగులు మించిన ఎత్తు, నిటారైన నిలువు. ఆ దేహమును వారు బహు జాగ్రత్తగా కాపాడుకొనిరి. 1926 డిసెంబరులో బొంబాయిలో ఇంగ్లాండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలైనను నిండక మునుపే 153 పరుగులు చేసిరి. అందులో సిక్సర్లే 11!

అయితే మన దేశమునకు టెస్టు ఆడు భాగ్యము 1932లో గాని కలుగలేదు. అప్పటికి నాయుడు గారికి 36 ఏండ్లు. ఆ వయస్సున అనేకులు బ్యాటు మూలను పెట్టుదురు గదా. నాయకుడుగా వెళ్లిన పోర్‌బందరు మహారాజావారు తమ ఆట కొద్దిపాటిదని ఎరిగి, లార్డ్స్ మైదానములోని టెస్టుకు ఆ స్థానమును వీరికి విడిచిరి. రాజులకు ఇది చిన్న సంగతి కాదు. ఆ టెస్టులో బంతి తగిలి చేయి గాయపడినను, వీరు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసిరి. మన పక్షమున అదియే ఎక్కువ. మన జట్టు ఓడెను. గాని ఆ వేసవి యంతటిలో ఫస్టుక్లాసు ఆటలలో వీరి పరుగులు 1,618, వికెట్లు 65, పర్యటన మొత్తము మీద సిక్సర్లు 32.

1936లో నాయకత్వము విజయనగరము మహారాజకుమారునికి పోయెను. ఆటలో ఎవరు పెద్దయో అందరికిని తెలిసినదే. అయినను నాయుడు గారు ఆయన క్రింద ఆడిరి. ఓవల్ మైదానములో బంతి దేహమునకు బలముగా తగిలినను నిలిచి 81 పరుగులు చేసిరి. అదియే వీరి కడపటి టెస్టు.

మొత్తము 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఈ లెక్క మాత్రమే చూచు పిల్లలు వీరిని సామాన్యుడనుకొందురు. వీరి మంచి ఏండ్లు టెస్టులు లేకయే గడచిపోయెనని ఆ అంకె చెప్పదు.

56వ ఏట రంజీ ఆఖరు పోటీలో ఫాడ్కర్ వేసిన బంతికి పండ్లు ఊడిపడగా, వాటిని పిచ్ మీదనుండి ప్రక్కకు త్రోసి, వైద్యుని అక్కరలేదని, మరల బ్యాటు పట్టిరి. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో ప్రవేశించినప్పుడు దానికి నాయకుడు ఈ వృద్ధుడే. 61 ఏండ్లు వచ్చిన తరువాత కూడ ఉత్తర ప్రదేశ్ పక్షమున ఆడిరి. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసిరి.