చొక్కా కూడా ఓడిన జూదరి – పునీత కమిల్లస్

రోగులకు, ఆసుపత్రులకు, నర్సులకు పాలక పునీతునిగా శ్రీసభ గౌరవించే కమిల్లస్ దె లెల్లిస్ యౌవనంలో పచ్చి జూదరి.

ఆయన 1550 మే 25న ఇటలీలో, నాటి నేపుల్సు రాజ్యానికి చెందిన బుక్యానికో అనే ఊరిలో జన్మించారు. తండ్రి సైనికాధికారి. ముదిమి వయస్సులో ఆయనను కన్న తల్లి కమిల్లా ఆయన బాల్యంలోనే కన్నుమూసింది. యువకుడు కాగానే సైన్యంలో చేరి, వెనీసు పక్షాన తురుష్కులతో పోరాడారు. ఆజానుబాహువు, ముక్కోపి. శిబిరాలలో పొద్దుపోకకు మొదలైన పేకాట, పాచికలాట ఆయనకు వ్యసనమయ్యాయి.

జూదం మొదట మేలు చేసినట్లే కనిపిస్తుంది. అలసిన మనిషికి కాసేపు ఉల్లాసం, నలుగురి తోడు, ఒక్కోసారి నాలుగు డబ్బులు! పందెపు ఆటలు వాటంతట అవే అన్యాయం కావని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం (2413) కూడా బోధిస్తున్నది. అయితే తన అవసరాలకు, ఇతరుల అవసరాలకు కావలసినదానిని అవి హరించినప్పుడు తగవనీ, ఆ వ్యామోహం మనిషిని బానిసను చేయగలదనీ హెచ్చరిస్తున్నది. ఆ బానిసత్వమే కమిల్లస్ అనుభవించారు.

కాలికి మానని పుండు పడగా 1571లో రోములోని పునీత యాకోబు ఆసుపత్రిలో చేరారు. అక్కడే పనికి కుదిరినా, పేకాట, తగాదాల వల్ల వారు ఆయనను పంపివేశారు. ఫ్రాన్సిస్ సభలో చేరతానని ఒకసారి మొక్కుకున్నారు. కాని మళ్ళీ జూదంలో పడ్డారు. 1574లో నేపుల్సు నగరంలో ఉన్నదంతా ఒడ్డి, చివరకు ఒంటిమీది చొక్కా కూడా ఓడిపోయారు. ఆ సైనికుడు మన్‌ఫ్రెదోనియా పట్టణంలో గుడి వాకిట చేయి చాచవలసి వచ్చింది.

అక్కడి కపుచిన్ సన్యాసులు మఠ నిర్మాణంలో ఆయనకు కూలిపని ఇచ్చారు. వారిలో ఒకరు చెప్పిన మంచిమాటలు ఆయన మనస్సులో నాటుకున్నాయి. 1575 ఫిబ్రవరి 2న, దేవమాత శుద్ధీకరణ పండుగనాడు, దారిలో మోకరిల్లి కన్నీటితో పశ్చాత్తాపపడ్డారు. సన్యాసి కావాలని ఆశించినా కాలి పుండు అడ్డువచ్చింది. తనను వెళ్ళగొట్టిన ఆసుపత్రికే తిరిగి వచ్చి, రోగులకు సేవచేస్తూ, కాలక్రమాన దాని నిర్వాహకులయ్యారు. పునీత ఫిలిప్పు నేరి ఆయనకు ఆత్మగురువు.

జీతగాళ్ళు రోగులను పట్టించుకోకపోవడం చూసి, ప్రేమతో సేవచేసే వారిని కూడగట్టారు. 1584లో గురుపట్టం పొందారు. 1586లో 5వ సిక్స్తుస్ పోపుగారు ఆ సమాజాన్ని ఆమోదించి, నల్లని అంగీపై ఎర్ర సిలువ ధరించడానికి అనుమతించారు. ప్రాణాపాయమున్నా రోగులను విడువమని ఆ సభవారు ప్రత్యేక మాటపట్టు ఇస్తారు. ప్లేగు రోగులకు సేవచేస్తూ పలువురు ప్రాణాలర్పించారు. కమిల్లస్ 1614 జూలై 14న రోములో మరణించారు. 1746లో 14వ బెనెడిక్ట్ పోపుగారు ఆయనకు పునీత పట్టం ఇచ్చారు.

ప్రియ పాఠకులారా! ఒక్క మొక్కుతో కమిల్లస్ మారలేదు. ఆయనకు ఒకరు పని ఇచ్చారు, ఒకరు మంచిమాట చెప్పారు, ఒకరు ఆత్మగురువుగా నిలిచారు. రోగుల అవసరం ఆయన చేతులకు తీరిక లేకుండా చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో మన పార్లమెంటు చట్టం ద్వారా నిషేధించింది. అయితే చట్టం తలుపు మూయగలదు గాని, మనస్సును మార్చలేదు. పిల్లల ఫీజు, ఇంటి బియ్యం పందెంలో పోతున్న ఇల్లు మన విచారణలో ఉంటే, ఆ మనిషిని వెలివేయవద్దు. అప్పు తీర్చుకోమని మళ్ళీ డబ్బు చేతికివ్వనూ వద్దు. పని చూపండి, గురువుల వద్దకు, అవసరమైతే వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. అటువంటి కుటుంబాల కొరకు పునీత కమిల్లస్ ప్రార్థన సహాయాన్ని వేడుకుందాం.